మూడో కృష్ణుడు

హెవీ మెటల్ వింటానని చెప్తే మా ఊళ్ళో ఒకాయన "పాత ఇనుమా? ఇప్పుడు కేజీ ఎంత పలుకుతోంది?" అని అడిగాడు. జోకనుకునేరు, నిజంగానే అడిగాడు :) మాది వీరులపాడు, నందిగామ పక్కన. కృష్ణా జిల్లా అనగానే అందరూ కాలవగట్లూ కొబ్బరిచెట్లూ ఊహించేసుకుంటారు గానీ మావైపంతా మెట్ట. పత్తి, మిరప. వానొస్తే పంట, రాకపోతే అప్పు. పైగా ఇప్పుడు మాది కృష్ణా జిల్లా కూడా కాదు, 2022లో ఎన్టీఆర్ జిల్లా అయ్యింది. ఊరు అదే, మనుషులూ వాళ్ళే, బోర్డు మీద పేరొక్కటే మారింది. నేనివాళ చెప్పబోయేది సరిగ్గా దీన్ని తిరగేసిన కథ. పేరు అలాగే ఉంటుంది, మనుషులు మారిపోతుంటారు.

హెలోవీన్ అని ఒక జర్మన్ బ్యాండుంది. 1984లో హాంబర్గులో పుట్టింది. నాకు పరిచయమైంది మాత్రం 2004లో, బెంగుళూరులో. రిలీజు రాత్రుళ్ళు బిల్డు పూర్తయ్యేదాకా చేసేదేం ఉండదు కదా, పక్క క్యూబికల్ లో మంగుళూరబ్బాయి ఒకడు "నిద్రరాకుండా ఉంటుంది, విను" అని ఒక సీడీ ఇచ్చాడు. ఫోల్డరు మీద గుమ్మడికాయ బొమ్మ. ఈ బ్యాండు గుర్తే అది. దిష్టికి బూడిదగుమ్మడి కట్టే ఇళ్ళలోంచి వచ్చినవాణ్ణి, నాకదేం వింతగా అనిపించలేదు. వింతగా అనిపించిందల్లా ఒకటే. ఒకే పేరున్న ఫోల్డర్లో మూడు గొంతులున్నాయి. ఒకటి కీచుగా, కోపంగా. ఇంకోటి ఎక్కడో గోపురం మీంచి పాడుతున్నట్టు. మూడోది కాస్త జీరతో, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు. సీడీ కాపీ చేసినవాడు మూడు బ్యాండ్లు కలిపేశాడనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆ ముగ్గురూ వీళ్ళవాళ్ళేనని.

మొదటి గొంతు కాయ్ హాన్సెన్ ది. బ్యాండు మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. గిటారు వాయిస్తూ తనే పాడేవాడు. 1985లో 'వాల్స్ ఆఫ్ జెరికో' అనే ఆల్బం అలాగే చేశారు. రెండు పనులూ ఒకేసారి చెయ్యడం కష్టమైపోయి, పాడటానికి ఇంకొకణ్ణి తెచ్చుకుందామన్నాడు. దొరికినవాడి పేరు మైకేల్ కిస్కే, వయసు 18. ఆ కుర్రాడి గొంతుతో 1987లో ఒకటీ 1988లో ఒకటీ 'కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్' అని రెండు భాగాలు వచ్చాయి. పవర్ మెటల్ అని ఇవాళ పిలిచే బాణీకి పునాదిరాళ్ళు అవే అంటారు. అంతా బాగుందనుకునేసరికి హాన్సెన్ వెళ్ళిపోయి గామా రే అని వేరు కుంపటి పెట్టుకున్నాడు. రోలాండ్ గ్రాపోవ్ అని కొత్త గిటారిస్టు వచ్చాడు. రికార్డు కంపెనీతో కోర్టు గొడవలు. 1993లో 'కమీలియన్' అని ఒక ఆల్బం చేస్తే అభిమానులు ముఖం తిప్పుకున్నారు. ఆ టూరు మధ్యలోనే డ్రమ్మరు ఇంగో ష్విష్టెన్‌బర్గ్ మానసికంగా బాగా దెబ్బతిన్నాడు. స్కిజోఫ్రెనియా. అతన్ని తీసేశారు. కిస్కేని కూడా తీసేశారు.

1994లో ఆండీ డెరిస్ వచ్చాడు. పింక్ క్రీమ్ 69 అనే ఇంకో జర్మన్ బ్యాండులో పాడేవాడు. మునిగిపోయిందనుకున్న పడవని ఒడ్డుకి లాక్కొచ్చింది ఇతనే. పాటలు కూడా రాయగలడు. మరుసటేడు, 1995 మార్చిలో, ఇంగో తన ప్రాణం తనే తీసుకున్నాడు. 29 ఏళ్ళు. 1996 ఆల్బం అతనికి అంకితమిచ్చారు.

ఆ తర్వాత కూడా రాకపోకలు ఆగలేదు. 2001లో గ్రాపోవ్ నీ, డ్రమ్మరు ఉలీ కుష్ నీ పంపేశారు. వాళ్ళు మాస్టర్‌ప్లాన్ అని ఇంకో బ్యాండు పెట్టుకున్నారు. 2003 ఆల్బం రికార్డింగు సమయానికి కొత్త డ్రమ్మరుకి ఒంట్లో బాగోకపోతే మోటార్‌హెడ్ నుంచి మిక్కీ డీ వచ్చి చాలా పాటలకి వాయించి వెళ్ళాడు. ఇదే మిక్కీ డీ 2016లో స్కార్పియన్స్ లో చేరాడు. చివరికి 2005కి డానీ లోబ్లె డ్రమ్స్ మీద స్థిరపడ్డాడు. మొదట్నుంచీ చివరిదాకా కదలకుండా ఉన్నది ఇద్దరే. గిటారు మైకేల్ వైకాత్, బాస్ మార్కుస్ గ్రోస్కోఫ్. ఈ ఇద్దర్నీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

ఇదంతా విని మావాడొకడు (టీంలో కొత్తగా చేరిన కుర్రాడు, నా కన్నా పెద్ద మెటల్ పిచ్చోడు) అడిగే ప్రశ్న ఒకటుంది. "ఒరిజినల్ వాళ్ళు పోయాక అది అదే బ్యాండెలా అవుతుందన్నా?" మెటల్ వినే ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా ఈ వాదనలో దిగుతాడు. స్కార్పియన్స్ ని చూడండి. 1973లో మైకేల్ షెంకర్ యూఎఫ్ఓలోకి వెళ్ళిపోయాక బ్యాండు దాదాపు ఆగిపోయింది. రుడాల్ఫ్ షెంకర్ వెళ్ళి డాన్ రోడ్ అనే ఇంకో బ్యాండులో కలిశాడు, సింగరు క్లాస్ మైనె కూడా వచ్చాడు. పాత పేరే జనానికి ఎక్కువ తెలుసు కాబట్టి ఆ కొత్త గుంపుకి స్కార్పియన్స్ అనే పేరు పెట్టుకున్నారు. అంటే మన 'విండ్ ఆఫ్ ఛేంజ్' స్కార్పియన్స్, వంశవృక్షం ప్రకారం చూస్తే సగం డాన్ రోడ్ అన్నమాట. అయినా స్కార్పియన్స్ కాదని ఎవరంటారు?

నా మటుకు నాకు ఈ 'అదే బ్యాండా కాదా' అనే ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు. వెళ్ళిపోయినవాడు ఇంకా బతికే ఉన్నాడు, పాడగలడు, జనం అతన్ని ఇంకా అడుగుతున్నారు. అప్పుడు ఉన్నవాడి సంగతేంటి? నాకు ఆసక్తి దాని మీద. దీనికి సమాధానం నేను హాంబర్గు కంటే ముందు మావైపు పందిళ్ళలో చూశాను.

కాంట్రాక్టు నాటకాలు తెలుసు కదా. పట్నాల్లో పెరిగినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. శ్రీరామనవమికో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ లాంటి వాటికో పద్యనాటకం పెడతారు. ఎక్కువగా 'శ్రీకృష్ణ రాయబారం', లేదా బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్యహరిశ్చంద్ర'. ఒక కాంట్రాక్టరు ఉంటాడు. కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి ఇంకో ఊరి నుంచి, మిగతావాళ్ళని మరో చోట నుంచి మాట్లాడుకొస్తాడు. ఎవరి బస్సు వాళ్ళు దిగి, ఎవరి పెట్టె వాళ్ళు తెచ్చుకుని, స్టేజీ వెనకాల ఒకరికొకరు మొదటిసారి నమస్కారం పెట్టుకుంటారు. రిహార్సలు లేదు. రాత్రి పదింటికి మొదలెడితే తెల్లారుతుంది. అయినా ఎక్కడా తప్పదు. ఎందుకంటే పద్యాలు అందరికీ ఒకటే. ఇంటర్ఫేసు ఒకటే, ఇంప్లిమెంటేషన్లు వేరు.

అసలు విషయం ఏంటంటే, ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులుంటారు. వాల్‌పోస్టరు మీదే వేస్తారు, 1వ కృష్ణుడు ఫలానా, 2వ కృష్ణుడు ఫలానా, 3వ కృష్ణుడు ఫలానా అని. పడకసీనుకి ఒకడు, సభలో రాయబారానికి ఒకడు, యుద్ధం సీనుకి ఒకడు. హరిశ్చంద్రుడైనా అంతే, వారణాసి సీను చేసినవాడు కాటిసీను చెయ్యడు. ఆ శ్రుతిలో రాత్రంతా ఒకే గొంతు నిలబడటం కష్టం, అది ఒక కారణం. ఒక్కో సీనుకి ఒక్కోడు మొనగాడు, అది రెండోది. పీసపాటి నరసింహమూర్తి మనుషులూ షణ్ముఖి ఆంజనేయరాజు మనుషులూ అని జనం విడిపోయి ఉండేవాళ్ళు, ఎవర్నీ నొప్పించకూడదు, ఇది మూడోదీ అసలైనదీ. కాటిసీను అంటే డి.వి.సుబ్బారావే అనేవాళ్ళతో ఇప్పుడు కూడా వాదించలేం. తెర పడి లేచేసరికి కృష్ణుడు రెండంగుళాలు పొట్టివాడవుతాడు, ముక్కు మారుతుంది, ఒక్కోసారి పొట్ట కూడా వస్తుంది. పందిట్లో ఒక్కడంటే ఒక్కడు "ఇతను ఒరిజినల్ కృష్ణుడు కాదు" అనడు. పద్యం సరిగ్గా ఎత్తుకుంటే వన్స్‌మోర్ అంటారు. లేకపోతే టీ తాగడానికి లేస్తారు.

మనుషులే కాదు, మాటలు కూడా ఇలాగే వచ్చి చేరతాయి. కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు బలిజేపల్లి వారివి కావు, జాషువా 'శ్మశానవాటిక'వి. నటులు తెచ్చి అందులో పెట్టారు, ఇంక పోలేదు. ఇవాళ అవి లేకుండా కాటిసీను ఆడితే డబ్బులు వెనక్కి అడుగుతారు. చేరడానికి వచ్చినవాడు ఇంటివాడైపోవడమంటే అదీ.

(సురభి వాళ్ళది వేరే పద్ధతి. 1885 నుంచి ఒకే వంశపు వాళ్ళు. చంటిపిల్లాడిగా స్టేజెక్కినవాడు హీరో అయ్యి, ముసలి వేషాలకొచ్చి, ఆఖరికి తెర వెనక తాళ్ళు లాగుతాడు. బయటినుంచి నియామకాల్లేవు, అంతా ఇంటర్నల్ ప్రమోషన్లే. దాని గురించి ఇంకెప్పుడన్నా రాస్తాను.)

ఇప్పుడు మా బాబాయి సంగతి. కాంట్రాక్టు వాళ్ళు కాకుండా మా ఊళ్ళో మనవాళ్ళే ఆడే సమాజం ఒకటుండేది. అందులో ఇరవయ్యేళ్ళు కృష్ణుడు మా బాబాయి. పగలు మిరపతోట, రాత్రి కిరీటం. ఆయన పెద్ద కళాకారుడని నేను అనను, తిరపతి, గుంటూరు ఎక్కడా ఆడలేదు, ఎవరూ బిరుదులివ్వలేదు. కానీ మా నాలుగూళ్ళకీ ఆయనే కృష్ణుడు. దార్లో ఎదురైన ముసలమ్మలు "ఏం కృష్ణయ్యా" అనేవాళ్ళు. 2009 ప్రాంతాల్లో గొంతు పోయింది. పూర్తిగా పోలేదు, పై స్థాయికి వెళ్ళేసరికి చీలిపోయేది. కల్లంలో మిరప ఘాటన్నారు, డాక్టరేమో ఇంకేదో అన్నాడు. ఏదైతేనేం, ఒక నవమి రాత్రి సభ సీనులో పద్యం మధ్యలో గొంతు ఆగిపోయింది. హార్మోనియం తాతే ఆ రాగాన్ని అందుకుని పూర్తి చేశాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. బాబాయి మాత్రం మళ్ళీ ముఖానికి రంగు వెయ్యలేదు.

మరుసటేడు కొత్త కృష్ణుణ్ణి తెచ్చారు. నందిగామ వైపు కుర్రాడు, బస్సు కండక్టరు. మంచి గొంతు. బాబాయి నాటకానికి రాలేదు. డాబా మీద మంచం వేసుకుని పడుకున్నాడు. మైకు ఊరంతా వినిపిస్తుంది కదా, పడుకున్నాడంటే పడుకున్నాడు. నేను నీళ్ళు తీసుకుని పైకెళితే కళ్ళు మూసుకునే "రెండో పాదం తొందర పడ్డాడు" అన్నాడు. అలా ఏడేళ్ళు. ఏడేళ్ళూ ఆ కుర్రాడు దిగువన పాడాడు, ఈయన డాబా మీద విన్నాడు. పిన్ని ఒకసారి "వెళ్ళి ముందు వరసలో కూర్చోరాదూ, నీకు కుర్చీ వేస్తారు" అంటే ఆ రోజు అన్నం తినలేదు.

కిస్కే కూడా అచ్చం ఇలాగే, ఇంకా ఎక్కువ కాలం. 1993 తర్వాత మెటల్ అంటేనే విసుగు చూపించాడు, పాతవాళ్ళ మీద, ముఖ్యంగా వైకాత్ మీద ఇంటర్వ్యూల్లో చేదుగా మాట్లాడాడు. అటు డెరిస్ ఏళ్ళ తరబడి ప్రతి కచేరీలోనూ కిస్కే పాటలు పాడాల్సొచ్చింది. అతనిది ఆ గొంతు కాదు. గోపురం మీద పాట కింద నిలబడి పాడాలి. ప్రతి ఊళ్ళోనూ ముందు వరసలో ఎవడో ఒకడు కిస్కే పేరున్న చొక్కా వేసుకొస్తాడు. మీరు ఆలోచించండి, ఇరవై మూడేళ్ళు ఉద్యోగం చేసినా మీ ముందున్నతని పేరే జనం అడుగుతుంటే ఎలా ఉంటుందో.

తర్వాత కిస్కే ఒక ఫెస్టివల్లో వైకాత్ ఎదురుపడి తనే పలకరించాడనీ, కోపం ఎప్పుడో పోయిందని తనకప్పుడే తెలిసిందనీ చెప్పుకొచ్చాడు. హాన్సెన్, కిస్కే అప్పటికే యూనిసోనిక్ అనే బ్యాండులో కలిసి పనిచేస్తున్నారు. 2016 నవంబర్లో ప్రకటించారు, హెలోవీన్ మళ్ళీ కలుస్తోందని. ఇలాంటప్పుడు మామూలుగా జరిగేది అందరికీ తెలుసు. పాతవాడు వస్తాడు, కొత్తవాడికి ఒక థ్యాంక్యూ చెప్పి పంపించేస్తారు. ఐరన్ మెయిడెన్ 1999లో బ్రూస్ డికిన్సన్ ని వెనక్కి తెచ్చుకున్నప్పుడు బ్లేజ్ బేలీ ఇంటికెళ్ళాడు. జూడస్ ప్రీస్ట్ 2003లో రాబ్ హాల్ఫర్డ్ తిరిగొచ్చినప్పుడు రిప్పర్ ఓవెన్స్ ఇంటికెళ్ళాడు. ఎవరూ తప్పుపట్టలేదు, అదే పద్ధతి.

హెలోవీన్ వాళ్ళు ఎవర్నీ ఇంటికి పంపలేదు. హాన్సెన్, కిస్కే వచ్చారు, డెరిస్ ఉన్నాడు. అప్పటికే ఉన్న గిటారిస్టు సాషా గెర్స్ట్‌నర్ కూడా ఉన్నాడు. మొత్తం ఏడుగురు, మూడు గిటార్లు, ముగ్గురు పాటగాళ్ళు. 2017 అక్టోబర్లో మెక్సికోలోని మాంటెర్రేలో మొదలెట్టి దేశదేశాలూ తిరిగారు. దాదాపు మూడు గంటల ప్రదర్శన. మొదటి ఆల్బం పాటలు హాన్సెన్, 'కీపర్' పాటలు కిస్కే, తన కాలం పాటలు డెరిస్, కొన్ని ఇద్దరూ కలిసి. పడకసీను, సభ, యుద్ధం!

నాకైతే నవ్వాగలేదు. జర్మనీవాళ్ళు ముప్ఫై ఏళ్ళు కొట్టుకుని కనిపెట్టినదాన్ని మన కాంట్రాక్టరు వాల్‌పోస్టరు మీద ఎప్పుడో అచ్చేసుకున్నాడు.

కానీ ఇక్కడో తేడా ఉంది, అదే నన్ను ఎక్కువగా పట్టుకుంది. కాంట్రాక్టు కృష్ణులు ముగ్గురూ ఆ రాత్రికి వచ్చి పోయేవాళ్ళు. ఎవరికీ ఎవరూ అడ్డం కాదు. ఒకే ఇంట్లో ఒకడి తర్వాత ఒకడు కృష్ణుడైనప్పుడు అలా ఉండదు. అక్కడ ఒప్పుకోవాల్సింది పాతవాడూ కాదు, జనమూ కాదు. ఇప్పుడు కుర్చీలో ఉన్నవాడు ఒప్పుకోవాలి. డెరిస్ కాదంటే అది జరిగేదే కాదు. అతనేం కాదనలేదు సరికదా, వీడియోల్లో చూడండి, కిస్కే పాడుతుంటే పక్కన నిలబడి నవ్వుతూ ఉంటాడు. ఆ నవ్వు నటనో నిజమో మనం తేల్చలేం. నటనే అనుకున్నా ఇన్నేళ్ళు ఒకే నటన చెయ్యడం కూడా తక్కువ పనేం కాదు.

మా ఆఫీసులో ఇలాంటి అవకాశం ఒకటొచ్చి పోయింది. (ఏ ఆఫీసో అడక్కండి, ఇప్పుడక్కడ లేను.) నేను చేరేసరికి ఆ ప్రాడక్టుకి తొమ్మిదేళ్ళు, మొదలెట్టినవాళ్ళలో ఒక్కడూ మిగల్లేదు. వాళ్ళ పేర్లు కోడు కామెంట్లలో మాత్రం ఉండేవి, శిలాశాసనాల్లాగా. ఒకసారి బిల్లింగు మాడ్యూలు ఘోరంగా దెబ్బతింది. దాన్ని రాసినాయన ఊళ్ళోనే ఉన్నాడు, వచ్చి రెణ్ణెల్లు కూర్చుంటానని కూడా అన్నాడు. అప్పటి లీడు "ఆయనొస్తే నేనెందుకు?" అన్నాడు. పిలవలేదు. రెణ్ణెల్ల పని పదకొండు నెలలు పట్టింది. లీడుని నేనేమీ అనను, రేటింగులు ఇచ్చే పద్ధతే అలాంటిది. పక్కవాడికి సీను ఇచ్చినందుకు అక్కడ ఎవడికీ హైకు రాలేదు.

మా ఊళ్ళో ఆ సీను ఇచ్చింది బస్సు కండక్టరు. 2017లో. నవమికి ముందు హార్మోనియం తాతని వెంటపెట్టుకుని ఇంటికొచ్చాడు. నేను ఉగాదికి వెళ్ళి అక్కడే ఉన్నాను కాబట్టి ఇది విన్నమాట కాదు. తాత మాట్లాడలేదు, వక్క నములుతూ కూర్చున్నాడు. ఆ కుర్రాడే (కుర్రాడేంటిలెండి, అప్పటికే నలభై) అన్నాడు, "బాబాయిగారూ, పడకసీను మీరు చెయ్యండి. సభ నేను చేస్తా."

"నాకు గొంతు లేదురా" అన్నాడు బాబాయి.

"పడకసీనుకి గొంతెందుకండీ, చమత్కారం కావాలి గానీ. అది నాకు రాలేదు. ఏడేళ్ళ నుంచీ జనం మీదే చెప్తన్నారు."

బాబాయి తాతవైపు చూశాడు. తాత "శ్రుతి ఒక మెట్టు దించుతాలే, ఎవడికీ తెలీదు" అన్నాడు. అంతే జరిగింది. కౌగలించుకోవడాలూ కన్నీళ్ళూ ఏం లేవు. పిన్ని కాఫీ ఇచ్చింది. ఆ కుర్రాడు వెళ్ళాక బాబాయి చాలాసేపు పొలం గట్టు మీద తిరిగొచ్చి, కిరీటం ఎక్కడుందని అడిగాడు. అటక మీద మిరప గోతాల వెనకాల ఉంది, పూసలు సగం రాలిపోయి.

ఆ నవమికి పోస్టరు వెయ్యలేదు గానీ మైకులో చెప్పారు, ఈ రాత్రి ఇద్దరు కృష్ణులని. బాబాయి పద్యాలు బాగా వచ్చాయా అంటే, రెండు బాగా వచ్చాయి, ఒకటి గట్టెక్కింది. మిగతావి వచనంలా చెప్పేశాడు. జనానికి అదే నచ్చింది. సభ సీను మొదలయ్యాక రంగు కడుక్కోకుండా తెర పక్కన నిలబడి, ఆ కుర్రాడు పద్యం ఎత్తుకున్న ప్రతిసారీ తల ఊపాడు. ఏడేళ్ళు డాబా మీంచి విన్న పద్యాలవి.

ఆ ఏడాది చివర్లో నేను ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి బాబాయికి యూట్యూబులో హెలోవీన్ కచేరీ చూపించాను. శబ్దం తగ్గించమన్నాడు, సగం తగ్గించాను. ఇంకా తగ్గించమన్నాడు. చివరికి దాదాపు మూకీ చిత్రంలా చూశాడు. ఎవరెవరో నేనేం చెప్పలేదు. కాసేపయ్యాక వేలు పెట్టి "ఈ పక్కన నవ్వుతున్నవాడు రెండోవాడు కదూ?" అన్నాడు. డెరిస్ ని చూపిస్తూ.

రానివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. గ్రాపోవ్ నీ కుష్ నీ ఎవరూ పిలవలేదు. పన్నెండేళ్ళు గిటారు వాయించినవాడు గ్రాపోవ్, తనకి బాధగానే ఉందని దాచుకోకుండా చెప్పాడు. 1995లో పోయిన ఇంగోని పిలవడానికి వీల్లేదు. కచేరీ మధ్యలో పాత వీడియోలోని ఇంగో పెద్ద తెర మీద వాయిస్తుంటే కింద స్టేజీ మీద లోబ్లె అతనికి జవాబుగా వాయించేవాడు. 2021లో 'హెలోవీన్' అని బ్యాండు పేరుతోనే ఆల్బం తెచ్చారు, జర్మనీ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. దాని రికార్డింగులో లోబ్లె వాయించింది ఇంగో వాడిన పాత డ్రమ్స్ మీదే. ఏడుగురి ఫొటోలో ఎనిమిదోవాడు అలా ఉన్నాడు. 2025లో ఇంకో ఆల్బం వచ్చింది, ఏడుగురూ అలాగే ఉన్నారు. నేనైతే రెండేళ్ళలో తన్నుకుంటారనుకున్నాను.

పోయినవాణ్ణి పేరులో ఉంచుకోవడం మనకి తెలియనిది కాదు. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వెంకట కవులు ఇద్దరు కదా. దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లోనే పోయాడు. చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి 1950 దాకా బతికాడు. తర్వాత తానొక్కడే రాసినవి కూడా జంట పేరుతోనే వేసుకున్నాడు. బందరు హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషి, శిష్యుల్లో విశ్వనాథ అంతటివాడున్నాడు, సొంత పేరుతో వేసుకున్నా ఎవరూ కాదనరు. ఇద్దరిలో ఒక్కడు మిగిలాక అదే బ్యాండు అవుతుందా అని మావాడు అడిగితే, ఈసారి చెళ్ళపిళ్ళ వారిని అడగమంటాను.

2021లో, కరోనా రెండో విడతలో, హార్మోనియం తాత పోయాడు.

సమాజం ఆగిపోతుందనుకున్నాను, ఆగలేదు. కండక్టరు తన కిందటివాడొకణ్ణి తయారుచేశాడు, డిగ్రీ చదివే పిల్లాడు, యుద్ధం సీను వాడిది. అంటే ఇప్పుడు నిజంగానే ముగ్గురు కృష్ణులు. కృష్ణులకి కొరత లేదు. హార్మోనియానికి మాత్రం ప్రతి ఏడాదీ తెనాలి వైపు నుంచి ఎవరో ఒకరిని మాట్లాడుకుంటున్నారు. వచ్చినవాళ్ళు బాగానే వాయిస్తారు. కాకపోతే బాబాయి గొంతు ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ ముందే అందుకోవాలో వాళ్ళకి తెలీదు. తాతకి తెలుసు, అది ఏ కాగితం మీదా రాసి లేదు. మొన్న ఫోన్లో ఇదే చెప్పుకుంటూ బాబాయి ఉన్నట్టుండి అడిగాడు.

"నీ జర్మనీవాళ్ళకి హార్మోనీ ఎవర్రా?"

"వాళ్ళకి హార్మోనియం ఉండదు బాబాయ్."

"అది కాదెహె. ఎవరొచ్చినా ఎవరుపోయినా కదలకుండా కూర్చునేవాడు."

వైకాత్, గ్రోస్కోఫ్ గురించి చెప్పాను. 1984 నుంచీ వాళ్ళిద్దరూ ఉన్నారన్నాను.

"ఇద్దరే!" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మిరప ధర చెప్పాడు.